సిత్రాలో నేతిబీర

మొదట ఖర్జూర మట్టలు కాల్చాం.
సిత్రాలో మిగిలిన నాలుగు తోటల్లోంచి
ముసలి యాఖూబ్ తుప్పు పికప్పులో తెచ్చి పోసినవి.
మా తాత ఈత చెట్టెక్కిన మోకు యాదికొచ్చి
ఒక్కో మట్టనూ చుట్టాన్ని పలకరించినట్టు పలకరించి కోశాను.
కొలిమిలో తొమ్మిది వందల డిగ్రీలు,
నైట్రోజన్ తప్ప మరో గాలి చొరకుండా.
తీసి చూస్తే నిలువునా పగుళ్లు.
ఇందులో కాపురాలు నిలవవు అంది డాక్టర్ బద్రియా.
ఆమె ఇంగ్లీషు నాకలా అర్థమైంది.

అప్పుడు బయటపెట్టాను,
క్యాంపు వెనక ఇనుప కంచె మీద నా నేతిబీర పాదు సంగతి.
ఒళ్లు రుద్దుకునే పీచు కోసం పెట్టుకున్నది;
రిఫైనరీ మసి సబ్బుకు లొంగదు.
తేనెటీగ ఇటు రాదు.
చీకటుండగానే మగపువ్వు తెంపి
ఆడపువ్వుకు నేనే ఆనించి వచ్చేవాణ్ణి,
బస్సు హారన్ కొట్టేలోపు.

నేతిబీరలో నెయ్యెంతో
ఏజెంటు కాగితంలో జీతమంత అని
మా గదిలో ఒక సామెత.

గింజలు గలగలమన్న కాయ తల కోసి దులిపితే
లోపల వల, వల వెనక వల,
మిగిలినదంతా ఖాళీ.
బద్రియా దాన్ని ట్యూబ్‌లైటుకేసి ఎత్తి
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
ఆమె ఏడాదిగా వెతుకుతున్నది ఆ ఖాళీనే.

కొలిమిలోంచి నల్లగా వచ్చింది, ఒక్క పోగు చెదరలేదు.
గోటితో తడితే చేతి గాజుల చప్పుడు.
అరచేతిలో పెడితే ఎవరిదో నీడ వాలినట్టుంది.
టైటానియం తీగ కుట్టి సీసాలో ముంచాం.
మురుగుకాలువ అడుగు బురదలోంచి తెచ్చిన ప్రాణులు
గదులు చూసుకుని, పోగుపోగునా దిగాయి,
కరెంటు తింటూ
పొగగొట్టం వదిలిన బొగ్గుగాలి తాగుతూ.

ఇరవయ్యో నాడు ఆమె ఒక చుక్క తీసి, యాసిడ్ కలిపి
నా ముక్కు దగ్గర పెట్టింది.
లొట్టి అడుగున మూడు రోజులు మరిచిపోయిన కల్లు!
వెనిగర్, అందామె.
అవునన్నాను.
కల్లు సంగతి విడమర్చలేదు.

ఆ రాత్రి డ్యూటీలో ఒక్కణ్ణే ఉన్నాను.
గదికి ఎనిమిది మందిమి,
రాత్రంతా వదిలే గాలి ఎటు పోతున్నదో అనిపించింది.
రబ్బరు గొట్టం నోట పెట్టుకుని
దొంగలా మూడుసార్లు ఊదాను సీసాలోకి.
తెర మీద గీత చప్పున ఎగిరింది.
సంతోషపడ్డాయనుకున్నాను.

నాలుగు రోజులు చుక్క పులుపు లేదు.
నేనే ఊదానని చెప్పాను.
ఊపిరి సోకితే చచ్చే జాతి ఇది, రాజేశం,
నువ్వు వాడుకోకుండా వదిలేసిన ఆక్సిజనే
వాటిని చంపిందని
కోపంతో కూడా నెమ్మదిగానే చెప్పింది.

మళ్లీ బురద. మళ్లీ పదిహేడు రోజులు.
వెల్డింగు షెడ్డులో తొమ్మిదేళ్లు,
నాలో ఊపిరంతా పిండేశారనే అనుకున్నాను.
పిండగా ఇంకా మిగిలి ఉందట,
సీసాడు ప్రాణాలు తీసేంత.
ఈ లెక్క ఎవరికి చెప్పాలో తోచక
కొలిమి తలుపు తుడిచాను.

ఇప్పుడు రోజుకు అర చెంచా కూడా రాదు పులుపు.
అవతల పొగగొట్టం దాని పని అది చేసుకుంటూనే ఉంది.
బద్రియా మాత్రం నోటుబుక్కులో
సున్నా తరవాత సున్నా తరవాత అంకె
ఎంతో జాగ్రత్తగా రాస్తుంది.

కంచె మీద ఇంకో కాయ ముదురుతోంది.
కోయొద్దని అట్టముక్క కట్టాను,
తెలుగులో, హిందీలో.
అరబ్బీలో ఆమె రాసిచ్చింది.
ఏం రాసిందో తెలీదు.
యాఖూబ్ కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివి
నా వైపు చూసి
నవ్వుతూనే పోయాడు.